పొద్దు బీడీ

లింగంపల్లి అంగట్లో ఆ కట్ట చేతికి వచ్చినప్పుడు నీలమ్మకు మొదట కలిగింది కోపం కాదు, ఆశ. ఈ మాట ఆమె తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వేవాళ్ళే గానీ ఆమెతో కూర్చుని ఏడ్చేవాళ్ళు ఎవరున్నారు?

ఉల్లిగడ్డల కుప్ప ముందు కూర్చున్న ముసలాయన రుమాలు మడతలోంచి బీడీకట్ట తీశాడు. ఎరుపూ పసుపూ కలిసి నిగనిగలాడే కాగితం, దాని మీద సగం లేచిన సూర్యుడు, కింద పెద్ద అక్షరాలతో ‘పొద్దు బీడీ’. నీలమ్మకు చదువు రాదు. కానీ ఆ రెండు మాటల ఆకారం మాత్రం ఆమెకు బాగా తెలుసు. రోజూ ఇంట్లో చెక్క అచ్చుతో, నల్ల సిరాతో, చవక కాగితం మీద ఆమె అద్దేది వాటినే. ఆ అచ్చు ఆమె మొగుడు వీరేశం టేకుముక్క మీద స్వయంగా చెక్కుకున్నది. చందానగరం, కొండాపురం, మియాపురం, గచ్చిబౌలి, ఏ ఊరికి పోయినా పొద్దు బీడీ అంటే వీరేశం బీడీ. రంగుల కాగితం వేసే స్తోమత మాత్రం ఆ ఇంటికి ఎన్నడూ లేదు.

వీరేశం ఇల్లు విడిచి ఏడాదిన్నర అయింది. పోయిన ఏడు ఎండాకాలంలో, రజాకార్ల గడబిడ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, తంబాకు కొనుక్కొస్తానని పట్నానికి పోయాడు. తిరిగి రాలేదు. పట్టుకుపోయారన్నవాళ్ళున్నారు, కాల్చేశారన్నవాళ్ళున్నారు. కళ్ళతో చూశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మిలట్రీ వచ్చింది, గడబిడ సద్దుమణిగింది, జైళ్ళ తలుపులు తెరిచారు. పక్క ఊళ్ళనుంచి పోయినవాళ్ళు గడ్డాలు పెంచుకుని ఒక్కొక్కరే ఇళ్ళకు చేరారు. వీరేశం చేరలేదు. అప్పటినుంచి నీలమ్మకు ముందు నడిచే ప్రతి వీపూ వీరేశం వీపే. పట్టపగలు బీడీల చాట ముందు కూర్చుని ఉండగా వాకిట్లో దుమ్ముకాళ్ళతో ఆయన నిలబడ్డట్టుండేది. తలెత్తితే ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు.

అందుకే ఆ కట్ట చూడగానే, ఎక్కడో కూర్చుని ఆయనే చేస్తున్నాడనుకుంది. ముసలాయనను బతిమాలి కట్ట అడిగి తీసుకుంది. దారం విప్పి ఒక్కో బీడీ మూతి చూసింది. బీడీ చేసేవాళ్ళకు మూతి మడతే మనిషి గుర్తు. వీరేశం ఇనుపపుల్ల ముట్టడు. బొటనవేలి గోరుతో మూడు మడతలు వేసి, మూడోదాన్ని లోపలికి నొక్కుతాడు. ఇవి పుల్లతో కుక్కిన రెండు మడతల మూతులు, ఏదో కార్ఖానాలో తొందర తొందరగా అయిపోగొట్టినవి. అయినా ఇరవై అయిదూ చూసింది. ఆఖరిదాన్ని రెండుసార్లు తిప్పి చూసింది.

“ఏందమ్మా, బీడీలకు పేన్లు చూస్తున్నవా?” అన్నాడు ముసలాయన.

నీలమ్మ కట్ట మళ్ళీ కట్టి ఇచ్చేసింది. ఎక్కడిదని అడిగితే, పట్నం సరుకు, బండి మీద వచ్చి చవకగా ఇచ్చిపోతున్నారని చెప్పాడు. ఆమె గంపలో తెచ్చిన తన కట్టలు ఆ రోజు సగం కూడా అమ్ముడుపోలేదు. ఆ బాధ ఆమెకు ఇంటికి వచ్చి గంప దించాక గానీ తెలియలేదు.

*

నాలుగు రోజులకు టపా వచ్చింది. ఆ ఇంటికి టపా రావడం అదే మొదలు. బీడీలు చేసే ఆరుగురు ఆడవాళ్ళూ చేతుల్లో ఆకులు చేతుల్లోనే పెట్టుకుని చూశారు. నీలమ్మ కవరును ముట్టకుండా మొగిలి వచ్చేదాకా గూట్లో పెట్టింది. లోపల ఉన్నది వీరేశం కబురే అయితే, మంచిదైనా చెడ్డదైనా, అది చదివేదాకా ఆయన బతికే ఉంటాడు గదా అని ఆమె లెక్క.

మొగిలి వీరేశం దోస్తు. ఎడ్లబండి కట్టుకుని అంగళ్ళకు బీడీలు చేరవేసేది అతనే. నాలుగు ముక్కలు చదవడం వచ్చు. కవరు చింపి గొణుగుతూ చదివి, చివరికి తల గోక్కుని సంగతి చెప్పాడు. పట్నంలో లింగమూర్తి అనే ఆయనకు బీడీ కార్ఖానా ఉంది. ‘పొద్దు’ అనే మాటను బీడీల మీద వాడుకునే హక్కు తనదేనని ఆయన సర్కారు దఫ్తరులో రాయించుకున్నాడు. ఇక ఆ మాటను ఇంకెవ్వరూ బీడీకట్ట మీద వెయ్యకూడదు. పదిహేను రోజుల్లో మానుకోకపోతే కచేరీకి ఈడుస్తాడు.

ఆడవాళ్ళకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వొచ్చింది. వాళ్ళలో కనకలక్ష్మి నోరు పెద్దది.

“పొద్దు ఆయన అయ్య జాగీరా? రేపటిసంది పొద్దుగాల లేవాల్నంటే పట్నం పోయి ఆయన్నడిగి లేవాల్నా?”

నోటితో అనుకుంటే తప్పు లేదనీ, కట్ట మీద వేస్తేనే తప్పనీ మొగిలి విడమరిచి చెప్పాడు. అయితే పేరు మార్చేద్దామంది ఇంకొకామె. చుక్క బీడీ అనవచ్చు, నెమలి బీడీ అనవచ్చు. ఏ పేరు పెట్టినా వచ్చే పొగ ఒకటే. తునికాకు మారదు, తంబాకు మారదు, చేసే చేతులు మారవు. కచేరీల చుట్టూ తిరగడం మనలాంటివాళ్ళ వల్ల అయ్యే పనా? మొగిలికీ అదే మేలనిపించింది గానీ, నీలమ్మ మొహం చూసి ఊరుకున్నాడు.

నీలమ్మ కత్తెర అందుకుని, నానిన ఆకు మీద కొలత రేకు పెట్టి కత్తిరించసాగింది. పేరు మార్చనంది. ఎందుకు మార్చవంటే చెప్పలేదు. మొగిలికి తెలుసు. ఈ ఏడాదిన్నరలో ఆమె కట్టలను పటాన్‌చెరువు దాటించి సదాశివపేటకు పంపింది, రైలు గ్యాంగువాళ్ళతో వికారాబాదుకు పంపింది, నష్టానికైనా సరేనని బీదరు బండ్లకు ఎక్కించింది. ఇంత దూరం ఎందుకు వదినె అని అతను ఒకసారి అడిగితే, ఏ జైల్లోనో ఏ చెట్టు కిందనో ఆయన ముందర ఎవరన్నా ఈ కట్ట విప్పకపోతారా అంది. విప్పితే ఆ అచ్చు చూస్తాడు. చూస్తే ఇల్లు ఇంకా ఉందనీ, వాకిట్లో చాట కదులుతూనే ఉందనీ తెలుసుకుంటాడు. మతి చెడిపోయి తిరుగుతున్నా ఆ కట్ట చూస్తే మతి వస్తుంది. ఆమె నమ్మకం అది.

మూలన కూర్చుని ఆకు ఈనెలు తీస్తున్న రుక్కమ్మ అప్పటిదాకా నోరు మెదపలేదు. ఆమె వీరేశం తల్లి. కళ్ళు మసకబారినా ఈనె తీయడంలో ఆ వాడలో ఆమెను మించినవాళ్ళు లేరు.

“పేరు మారితే నా కొడుకు ఇల్లెట్ల గుర్తువడ్తడు?” అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

ఆ తర్వాత ఇంక పేరు మార్చే మాట ఎవరూ ఎత్తలేదు.

*

మొగిలికి తెలిసినవాళ్ళకు తెలిసిన వకీలొకాయన పట్నంలో సుల్తాన్ బజారు సందులో ఉండేవాడు. మంచి మనిషే. బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి, నీలమ్మను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, సావధానంగా విన్నాడు. ఎన్నేళ్ళుగా ఈ పేరుతో అమ్ముతున్నారని అడిగాడు. ఎనిమిదేళ్ళు. సాక్షులున్నారా? ఏడు ఊళ్ళ జనం. వకీలు మొహం వెలిగింది. దఫ్తరులో ఎవరు రాయించుకున్నా సరే, ముందునుంచి వాడుతున్నవాళ్ళను మానమనడానికి వీల్లేదన్నాడు. అందులోనూ పొద్దు అనేది ఊరందరి మాట, ఆ మాటను ఎవడో పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటానంటే కచేరీ నవ్వుతుందన్నాడు. నీలమ్మకు ఊపిరి తిరిగింది.

అప్పుడు ఆయన కలం ఎత్తి, దావా పడితే దానికి ఎవరి పేర జవాబివ్వాలని అడిగాడు.

పేరు వీరేశానిది. అంగళ్ళలో వ్యాపారం ఆయనది. కనుక ఆయన వచ్చి నిలబడాలి. ఆయన రాలేడంటే, ఆయన చనిపోయాడనీ, భార్యగా ఆయన హక్కులన్నీ తనకు వచ్చాయనీ నీలమ్మ ప్రమాణం చేసి చెప్పాలి. కనబడటం లేదు, ఉన్నాడో లేడో తెలియదంటే కచేరీ ఒప్పుకోదు. అలా ఏడేళ్ళు గడిస్తేనే పోయాడనుకుంటుంది. అంతవరకు లింగమూర్తి చేతులు కట్టుకుని కూర్చుంటాడా? ఆ గడబిడలో ఎంతమందో పోయారు, మున్సిఫుకూ తెలుసు, ఒక్క మాట చెబితే చాలునన్నాడు వకీలు.

నీలమ్మ బల్ల కాలు వైపు చూస్తూ అడిగింది.

“పోయిండని నేను చెప్పినంక, తెల్లారి ఆయనొస్తే?”

“వస్తే అంతకంటే ఏం కావాలమ్మా? అప్పుడు కచేరీకి నేను సమాధానం చెప్పుకుంటాను” అన్నాడు వకీలు నవ్వుతూ. తర్వాత ఆమె చేతుల వైపు చూసి, నవ్వు ఆపి, ఆ రోజున బొట్టుతోనూ గాజులతోనూ రావద్దని మెల్లగా చెప్పాడు. చూసేవాళ్ళు నమ్మాలి కదా.

తిరుగురైల్లో ఆమె మనసు అక్కడక్కడే తిరిగింది. పేరు వదిలేస్తే ఆయన ఇంటికి వచ్చే దారి మూసుకుపోతుంది. పేరు నిలబెట్టుకోవాలంటే ఆయనను తన నోటితో చంపుకోవాలి. ఇది ఎటువంటి న్యాయమో ఆమెకు అంతుపట్టలేదు. ఎనిమిదేళ్ళు చాట ముందు నడుము వంచినదానికి, పోయినవాడి పెండ్లాన్నని చెప్పుకుంటే తప్ప విలువ లేదట. హఫీజ్‌పేట దాటాక మొగిలితో, ఆ మాట కచేరీలో చెప్తానంది. 

రుక్కమ్మకు చెప్పడమే కష్టమైంది. చెప్పాక ఆ ముసలామె రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. ఈనెలు తీసింది, అన్నం తింది, దారం ఉండలు చుట్టింది. మూడోనాడు ఆకు మూట విప్పుతూ అంది.

“నీ నోరు నీది బిడ్డా. నా నోటితోని మాత్రం అనిపియ్యకు. నేనూ వస్త. గడప బయటనే కూసుంట.”

*

లింగమూర్తి వేసిన దావా తారీఖు నాటి ఉదయం చలి బాగా ఉంది. నీలమ్మ పెరట్లో బండ మీద కూర్చుని చేతులకు కుంకుడుకాయ నురగ పట్టించింది. గాజులు పగలగొట్టుకోవడానికి మనసు రాలేదు. నురగలో ఒక్కొక్కటే జారిస్తే చెక్కు చెదరకుండా వస్తాయి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ తొడుక్కోవచ్చు. విధవరాలి వేషం ఒక్క పూటకే అన్నమాట. ఎడమచేతి గాజులు సులువుగా వచ్చాయి. కుడిచేతివి ఎముక దగ్గర పట్టుకుని తోలు గీరుకుపోయింది. పన్నెండు గాజులూ గుడ్డలో ముడివేసి అత్త చేతికిచ్చింది. బొట్టు తుడుచుకుంది. పుస్తెలతాడు తియ్యడానికి చెయ్యి మెడ దాకా పోయి ఆగింది. దాన్ని రవిక లోపలికి తోసుకుంది.

ఆకు కోసం వచ్చిన కనకలక్ష్మి పెరటి తడిక దగ్గర ఆ మొహం చూసి గతుక్కుమంది. అంతటి నోరు గలది, ఒక్క మాటైనా లేకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

లింగంపల్లిలో మొగిలితో కలిసి రైలెక్కి ముగ్గురూ నాంపల్లిలో దిగారు. కచేరీ వరండా అంతా జనం. రుక్కమ్మ అన్నట్టే గడప బయట స్తంభానికి ఆనుకుని కూర్చుంది, ఒళ్ళో గుడ్డముడి పెట్టుకుని. లోపల ఎత్తయిన కుర్చీలో మున్సిఫు, ఆయన పక్కన ఉర్దూ మాటలను తెలుగులో చెప్పడానికి ఒక గుమాస్తా. ఎదుటివైపు నిలబడ్డ లింగమూర్తిని నీలమ్మ అప్పుడే మొదటిసారి చూసింది. బొజ్జ వేసుకుని, మీసం మెలేసుకుని ఉంటాడనుకుంది. బక్కపలచటి మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, మాటిమాటికీ దగ్గు. ఆమె బోసి చేతులు చూసి తల దించుకున్నాడు. అది ఆమెకు ఇంకా కష్టమనిపించింది. తిట్టుకోవడానికైనా వీలైన మనిషి కాడు.

మొగుడి పేరేమిటని గుమాస్తా అడిగాడు. నీలమ్మ మాట్లాడలేదు. పెనిమిటి పేరు పెండ్లాం నోట పలికితే ఆయుష్షు తరుగుతుందని చిన్నప్పటినుంచి విన్నది, పెండ్లయిన ఈ పదేళ్ళలో ఒక్కసారైనా ఆ పేరు నోట రానివ్వలేదు. వెనకనుంచి మొగిలి అందుకుని “వీరేశం” అన్నాడు. ఆమే చెప్పాలని ఎదుటి వకీలు పట్టుబట్టాడు గానీ, ఆ ఆచారం తెలిసిన మున్సిఫు చెయ్యి ఊపి సరేనన్నాడు. పొద్దు బీడీ ఎప్పటినుంచి చేస్తున్నారో, ఎవరెవరికి అమ్మారో అన్నీ చెప్పించుకున్నాక, ఆ వీరేశం ఇప్పుడెక్కడ ఉన్నాడని అడిగారు.

రైలు ఎక్కినప్పటినుంచి ఆమె లోలోపల ఆ ఒక్క మాటనే వల్లించుకుంటూ వచ్చింది. తీరా అనవలసివచ్చేసరికి నాలుక కదల్లేదు. అదే సందని ఎదుటి వకీలు లేచి, ఆమెకు శ్రమ అక్కర్లేదంటూ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. పొద్దు బీడీ అనే పేరును వీరేశం అనే మనిషే తన కక్షిదారుకు అమ్మాడని, కింద ఆయన సంతకం కూడా ఉందని చెప్పాడు. తారీఖు చదివాడు. గుమాస్తా దాన్ని ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాడు. పోయిన ఏడు దీపావళికి ఎనిమిది రోజుల ముందు.

నీలమ్మ ఒకటి రెండు క్షణాలు లెక్క వేసుకుంది. ఆయన పోయింది ఎండాకాలంలో. మిలట్రీ వచ్చింది వినాయక చవితి దాటాక. దీపావళి నాటికి జైళ్ళు తెరిచారు, రైళ్ళు నడిచాయి, దారుల్లో భయం లేదు. అంటే ఆయన బతికే ఉన్నాడు.  ఏడాదిన్నర మొక్కిన మొక్కులన్నీ ఒక్కసారి ఫలించినట్టయి, అరిచి బయట ఉన్న అత్తను పిలవాలనిపించింది.

మరి ఎందుకు రాలేదు?

మున్సిఫు లింగమూర్తినే చెప్పమన్నాడు. లింగమూర్తి దగ్గు ఆపుకుని, కుర్చీ వైపు కాకుండా నీలమ్మ వైపు తిరిగి చెప్పాడు.

“నేను దొంగతనం చెయ్యలేదమ్మా. మనిషి నా దుకాణానికొచ్చిండు. ఊర్లల్ల పేరున్న బీడీ, ఆ పేరు అమ్ముకుంటనన్నడు. ఇంటోళ్ళు ఏమంటరని అడిగిన. నాకు ఎవ్వరు లేరన్నడు. పైసలు తీసుకొని షోలాపురం రైలెక్కిండు. మల్ల కనవడలేదు.”

షోలాపురంలో ఎక్కడ ఉంటాడో తెలుసా అని మున్సిఫు అడిగితే తెలియదన్నాడు. సాక్షి సంతకాలు ఎవరివంటే, తన దుకాణంలో గుమాస్తాలవేనన్నాడు. మున్సిఫు మొహం చిట్లించాడు. ఆ మనిషిని పట్టుకురాలేరు, చూసినవాళ్ళంతా ఈయన కింది మనుషులు. ఇక ఆ సంతకాన్ని గుర్తుపట్టగలిగింది ఈమే. కాగితాన్ని ఆమె ముందు పెట్టమన్నాడు. ఆమె పక్కకు వచ్చిన వకీలు, కాదను, కాదంటే చాలు, అని గొణిగాడు.

చదువు రాని నీలమ్మకు పొద్దు బీడీ అన్న మాటలు కాక ఇంకొక్క మాట ఆకారం తెలుసు. పని అయిపోయిన సాయంత్రాల్లో వీరేశం చాటలో మిగిలిన తంబాకు పొడిని అరచేత్తో చదును చేసి, చూపుడువేలితో తన పేరు రాసేవాడు. చివరి సున్నను ఒకసారి చుట్టి ఊరుకునేవాడు కాదు, రెండు చుట్లు చుట్టి వేలితో మధ్యలో పొడిచేవాడు. ఎందుకట్లా అని ఆమె అడిగితే, నా సున్న ఎవడన్నా ఎత్తుకుపోతే గుర్తువట్టాలె గద, అని నవ్వేవాడు. నవ్వి, చాట కదిపి చెరిపేసేవాడు. ఒక్క సంతకమూ ఆ ఇంట్లో మిగల్లేదు.

కాగితం కింద సున్న రెండు చుట్లు చుట్టి ఉంది. మధ్యలో కలంతో పొడిచిన చుక్క.

ఆ చుక్కను చూస్తూ నీలమ్మ నిలబడింది. ఈ కాగితం రాసిన వారమే తను బీదరు బండివానికి కట్టలు ఎక్కించింది. ఆ బండివాణ్ణి కాళ్ళావేళ్ళా పడి అడిగింది, ఎవరన్నా బక్కమనిషి, ఎడమకాలు కొద్దిగా ఈడ్చి నడిచేవాడు, కట్టను తిప్పి తిప్పి చూస్తే నా పేరు చెప్పమని. అప్పుడు ఆయన ఇక్కడే, పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్నాడు. అడుగుకొక దీపంలా తను ఏ పేరును దారి పొడుగునా పెట్టుకుంటూ పోయిందో, ఆ పేరునే అమ్ముకుని రైలెక్కాడు. ఎవ్వరు లేరన్నాడు. అత్త గుర్తు రాలేదా? పోనీ, నేను వద్దు. తల్లి కూడా లేదా? ఆమెకు ఏడుపు రాలేదు. కాగితాన్ని వేలితో అవతలికి నెట్టింది.

“ఇది ఆయన చెయ్యి కాదు” అంది.

మున్సిఫు ఇంకోసారి బాగా చూడమన్నాడు. చూడక్కర్లేదంది. అయితే మీ ఆయన ఎక్కడ అని మళ్ళీ అడిగారు. ఈసారి ఆమె మొగిలి వైపు చూడలేదు. తల పైకెత్తి, గుమాస్తా తిప్పి చెప్పే పని లేనంత గట్టిగా పలికింది.

“వీరేశం సచ్చిపోయిండు. పోయినేడు ఎండాకాలంలనే సచ్చిపోయిండు.”

ఆమె గొంతులో ఆ పేరు విని మొగిలి ఉలిక్కిపడ్డాడు. కాగితం అతని ముందునుంచే బల్ల మీదికి పోయింది, ఆ రెండు చుట్ల సున్నను అతనూ చూశాడు. కాని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో అతనికీ తెలియదు. లింగమూర్తి మాత్రం కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ ఆమెను చాలాసేపు చూశాడు. అబద్ధమని ఆయనకు తెలుసు. ఎందుకాడిందో కూడా తెలిసినట్టే ఉంది.

ఆ కాగితాన్ని నమ్మడానికి లేదని మున్సిఫు పక్కన పెట్టించాడు. అమ్మానన్న మనిషిని ఎదురుగా తెచ్చి నిలబెట్టేదాకా, పొద్దు బీడీ పేరుతో అమ్ముకోవద్దని ఈమెను అనడానికి ఎవరికీ అధికారం లేదని రాయించాడు. వకీలు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

*

వరండాలో రుక్కమ్మ కోడలిని చూడగానే గుడ్డముడి ముందుకు చాచింది. అయిపోయింది గదా, ఇక తొడుక్కో, బోసి చేతులు చూడలేకపోతున్నానంది. నీలమ్మ ముడి అందుకోలేదు. పద అత్తా, బండి పోతది, అని ముందు నడిచింది. ముసలామె చాచిన చెయ్యి కొంతసేపు అట్లాగే ఉండిపోయింది.

నాంపల్లి స్టేషను నిండా మనుషుల వీపులే. నీలమ్మ ఒక్కదాన్నీ చూడలేదు. తల వంచుకుని చెక్కబల్ల మీద కూర్చుంది. మొగిలి తాగడానికి నీళ్ళు తెస్తానని పోయి, లింగంపల్లిలో దిగేదాకా వేరే పెట్టెలోనే ఉండిపోయాడు.

రైలు బేగంపేట దాటింది. రుక్కమ్మ కిటికీ వైపునుంచి తిరిగి అడిగింది. లోపల ఏదో కాగితం తీశారట, వరండాలో అనుకుంటున్నారు, నా కొడుకు చేవ్రాలట, నిజమేనా?

కచేరీలో చెప్పిన మాటే ఇక్కడా చెబితే అయిపోయేది. నీలమ్మ నోరు తెరిచింది కూడా. కానీ మసకబారిన ఆ కళ్ళు తన మొహాన్ని వెతుక్కుంటుంటే అబద్ధం చెప్పలేకపోయింది.

“ఆయనదే అత్తా. పోయిన దీపావళికి పట్నంలనే ఉన్నడు. షోలాపురం పోయిండట.”

రుక్కమ్మ రెండు చేతులూ జోడించింది. పెదవులు కదిలాయి. ఏ దేవుడికి మొక్కుకుందో తెలియదు. కాసేపటికి ఆ చేతులు వాటంతటవే విడిపోయి ఒళ్ళో పడ్డాయి.

“మన సంగతేమన్నడట?”

 ఎదుటి బల్ల మీద ఎవరో పల్లీలు ఒలుస్తున్నారు.

“ఎవ్వరు లేరన్నడట.”

ఆ తర్వాత హఫీజ్‌పేట వచ్చింది, లింగంపల్లి వచ్చింది.  రుక్కమ్మ ఎప్పుడూ కోడలి భుజం పట్టుకుని నడిచేది. ఆ రోజు స్టేషనునుంచి ఇంటిదాకా ఒంటరిగానే, ముందు ముందు నడిచింది.

వాకిట్లో ఆడవాళ్ళు చాటలు ముందేసుకుని ఎదురుచూస్తున్నారు. పేరు మనదేనని మొగిలి చెప్పగానే అందరి మొహాలూ విప్పారాయి. ఆరు ఇళ్ళ పొయ్యిలకు ఇంక ఫికర్ లేదు. కనకలక్ష్మి మాత్రం నీలమ్మ చేతులకేసి చూసి, దగ్గరికి వచ్చి, మరి అన్న సంగతేమన్నా తెలిసిందా అక్కా అని గొంతు తగ్గించి అడిగింది.

 నీలమ్మ నోరు తెరిచేలోగా రుక్కమ్మ గడప మీద కూర్చుని, చెప్పులు లేని కాళ్ళు బారచాపి, తల కొప్పు విప్పుకుంది.

“తెలిసింది. నా కొడుకు సచ్చిపోయిండు” అంది. “కాగు నిండ నీళ్ళు పెట్టుండ్రి బిడ్డా. అత్తకోడండ్లం ఇద్దరం తలకు పోసుకోవాలె.”

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చావు కబురు విన్న ఇంట్లో చెయ్యవలసిన పని అందరికీ తెలిసిందే. ఒకామె చాటలు గోడవారకు జరిపింది, ఒకామె బావికి పోయింది, కనకలక్ష్మి పొయ్యి రాజేసింది. నీలమ్మ అత్తనే చూస్తూ నిలబడింది. రుక్కమ్మ ఆమెకేసి చూడలేదు, చెయ్యి మాత్రం చాచి లేవదియ్యమంది.

నీళ్ళు కాగాక ఇద్దరూ పెరట్లో బండ దగ్గరికి వెళ్ళారు. మొదటి చెంబు నీలమ్మ అత్త తల మీద పోసింది. రెండో చెంబు రుక్కమ్మ కోడలి తల మీద పోసింది.